చిల్లు లేని గడి

నీకు,

ఇంటి దగ్గర నుంచి నేను రాసేది. ఇక్కడ ఇద్దరం బాగున్నాం. “ఇద్దరం అని రాశావా, లేకపోతే నేను బాగున్నాను, మీ నాన్న అలాగే ఉన్నారు అని రాశావా?” అని మామయ్య మంచం మీద నుంచి నిలదీస్తున్నారు. ఇద్దరం అనే రాశానని చదివి వినిపిస్తే గానీ ఊరుకోలేదు. ఆయన మాట ఇప్పుడు బాగా తేటపడింది. మాటకూ మాటకూ మధ్య కాస్త ఆగుతారు గానీ, ఆగారు కదా అని ఎదుటివాడు తప్పించుకునే వీలు మాత్రం లేదు.

నువ్వు అక్కడ బాగున్నానని ఒకే ఉత్తరంలో రెండు చోట్ల రాశావు. ఒక్కసారి రాసి ఉంటే నమ్మేవాణ్ణి. దగ్గు ఇంకా తగ్గలేదని అర్థమైంది. కుట్టు హాలులో దారాల నూగు ఎగురుతున్నంతసేపూ ముక్కుకు గుడ్డ కట్టుకో. లైనులో మిగతావాళ్లు కట్టుకోవడం లేదని నువ్వూ విప్పెయ్యకు.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. మొన్న ఆదివారం ఫోన్‌లో “జవాబు రాశావా?” అంటే “రాస్తున్నా” అన్నాను. అప్పటికి కాగితం కూడా తియ్యలేదు. నువ్వు ఐదు ప్రశ్నలు వేసి, వాటికి అంకెలు వేసి, ఒక్కటీ ఎగ్గొట్టకుండా రాయమన్నావు. రాస్తాను. మూడోది మాత్రం చివర రాస్తాను. కావాలనే అలా పెట్టాను. నువ్వు కూడా ఈ వరసలోనే చదువు. ఉత్తరాన్ని కింద నుంచి మొదలుపెట్టే నీ అలవాటు నాకు తెలుసు.

మొదటిది, కాగితాలూ బట్టలూ. మార్కుల జాబితాలు రెండూ, వయసు ధ్రువపత్రం, ఆరోగ్య కేంద్రం సిస్టరమ్మ ఇచ్చిన ఉత్తరం, ఫొటోలు అన్నీ ఒక సంచిలో పెట్టి బీరువా పై అరలో ఉంచాను. పన్నెండో తరగతి కాగితం మీద కోతమిల్లు నూనె మరక ఒకటి ఉంది. అంకెల మీద పడలేదు కాబట్టి ఫర్వాలేదట. నర్సింగ్ కాలేజీ ఇంటర్వ్యూ వచ్చే మంగళవారం పొద్దున తొమ్మిదింటికి. మగవాళ్లకు నాలుగు సీట్లు, పిలిచింది ఇరవై ఒక్క మందిని. వయసు హద్దు దాటడానికి నాకు ఇంకా ఐదు నెలలే ఉంది కాబట్టి, ఈసారి రాకపోతే వచ్చే ఏడాది గేటు దగ్గరే ఆపేస్తారు. అయినా నాకు భయంగా లేదు. మామయ్యకు కుడి పక్క పడిపోయి, నీ జీతం నా కూలి కంటే ఎక్కువ కాబట్టి నువ్వు ఫ్యాక్టరీలో ఉండిపోయి, నేను మిల్లు మానేసి ఈ నెలతో పద్నాలుగు నెలలు. ఆ ఇరవై ఒక్క మందిలో పద్నాలుగు నెలలు ఒక మనిషికి నీళ్లు పోసి, పక్క మార్చి, జావ పట్టినవాళ్లు ఎందరుంటారు?

చొక్కా సంగతి. కొత్తది కొనలేదు. పెళ్లప్పటి తెల్ల చొక్కాకు కాలరు అరిగిపోతే పక్కింటి దర్జీ దాన్ని ఊడదీసి తిరగేసి కుట్టాడు. కొలత తీస్తూ, “నర్సమ్మలను చూశాం గానీ నర్సయ్యను చూడటం ఇదే మొదలు” అన్నాడు.

“నీకు సూది గుచ్చే రోజు వస్తుంది, అప్పుడు తీరిగ్గా చూద్దువుగాని” అన్నాను.

“రోజుకు వెయ్యి సార్లు గుచ్చేవాణ్ణి నేను. నాకు సూది చూపించి బెదిరిస్తావా!” అన్నాడు. మజూరీ మాత్రం తీసుకోలేదు.

ఆగు, పదయింది. మామయ్యను తిప్పి వచ్చి రాస్తాను.

తిప్పాను, ఎడమ పక్కకు. టక్కుమని చప్పుడైంది. నువ్వు అక్కడ వినలేవు గానీ, ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరుగా ఆయన చేతిలో ఉన్న టిక్కెట్ పంచ్ మళ్లీ డ్యూటీ ఎక్కింది. ట్రంకు పెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉండేదే, అదే. ఎందుకు బయటికి వచ్చిందో తరువాత చెబుతాను.

రెండోది, ఇంగ్లీషు. మాట్లాడేది మన భాషలోనే అట, పేర్లు మాత్రం ఇంగ్లీషులో అడుగుతారట. ఎముకల పేర్లూ, నరాల పేర్లూ మందుల అట్టపెట్టెలు చింపి వాటి వెనక రాసుకున్నాను. వంటింట్లో, స్నానాల గదిలో, గడియారం కింద, ఎక్కడ చూసినా అట్టలే. మామయ్య వాటిని నాకంటే ముందు కంఠస్థం చేశారు. ఆయన లెక్కలో తల నుంచి కాలి బొటనవేలి దాకా ఒకటే రూటు. “మెడలో ఎన్ని స్టాపులు?” అంటారు. ఏడు. “వీపులో?” పన్నెండు. “నడుములో?” ఐదు. నేను ఒక్క ఎముక వదిలేసినా, “మధ్యలో దిగాల్సినవాళ్లు ఏమైపోవాలి?” అని బస్సు వెనక్కి తిప్పిస్తారు. తొడ ఎముకనూ ముంజేతి ఎముకనూ మొదటి వారం తారుమారు చేసేవాణ్ణి. ఇప్పుడు చెయ్యను.

ఇంటర్వ్యూ రిహార్సలు కూడా ఆయనే పెట్టారు. మొన్నటిది కాదు, అంతకు ముందు ఆదివారం. దిండ్లు ఆనించి కుర్చీలో కూర్చోబెట్టాను. చొక్కా బొత్తాలన్నీ పెట్టించుకున్నారు, తల దువ్వించుకున్నారు. నన్ను గుమ్మం బయటికి పంపి, ఐదు నిమిషాలు ఊరికే నిలబెట్టి, అప్పుడు పిలిచారు.

“పేరు?”

“మీకు తెలియదా మామయ్యా?”

“తెలిసినవాడైనా... బస్సెక్కితే... టిక్కెట్టు తియ్యాల్సిందే.”

పేరు చెప్పాను. మగవాడివి, ఈ పనికి ఎందుకు వచ్చావు అన్నారు. సేవ చేయడం నాకు ఇష్టమండీ అని మొదలుపెట్టాను. పుస్తకంలో అలాగే ఉంది.

“ఆ సేవ అన్నవాళ్లందర్నీ... పొద్దున్నుంచీ దింపేస్తున్నాను. తర్వాతివాళ్లు ఎవరు?” అని వాకిలి వైపు చూశారు.

అప్పుడు పుస్తకం మాట వదిలేసి, నాకు తెలిసింది చెప్పాను. ఒళ్లు తుడవడం, జ్వరం చూడటం, మనిషిని మంచం నుంచి కుర్చీలోకి నడుము పట్టేయకుండా ఎత్తడం, మింగలేనివాళ్లకు చెంచా ఏ మూల నుంచి పెట్టాలో, అన్నీ. ఆయన తల ఊపారు. నువ్వు చూసి ఉంటే నవ్వు ఆపుకోలేకపోయేదానివి. ఆ తరువాత అడిగిన ప్రశ్నకు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆ సంగతి మూడో జవాబులో ఉంది.

నాలుగోది. “నువ్వు కాలేజీకి పోతే నాన్న దగ్గర ఎవరుంటారు? అత్తను మాత్రం పిలవకు” అని రాశావు. కాలేజీ ఇక్కడికి గంట ప్రయాణం. పొద్దున ఏడింటికి వెళ్తే సాయంత్రం ఐదింటికి వచ్చేస్తాను. ఆ పది గంటలూ మీ మేనత్తే ఉంటుంది. తిప్పే వేళకు దర్జీ వచ్చి చెయ్యి వేస్తాడు. ఇంటర్వ్యూ రోజు కూడా ఆమే ఉంటుంది. అడిగాను, ఒప్పుకుంది. నీకు కోపం వస్తుందని తెలుసు. ఉత్తరం అయ్యేదాకా ఆ కోపం పక్కన పెట్టుకో. చివరికి వచ్చేసరికి దాన్ని ఎవరి మీద చూపించాలో నీకే తెలుస్తుంది.

ఐదోది. “నీకు నిజంగా ఈ చదువు చదవాలని ఉందా, లేక నేను వెళ్లమన్నానని వెళ్తున్నావా?”

ఉంది. నువ్వు వద్దన్నా వెళ్తాను. ఎప్పటి నుంచి ఉందో కూడా చెప్పగలను. మామయ్య తుంటి మీద పుండు లేచినప్పుడు రెండున్నర నెలలు రోజూ కట్టు విప్పి కడిగి కట్టాను కదా. మొదట్లో మొహం పక్కకు తిప్పుకుని విప్పేవాణ్ణి. మూడో వారంలో ఒక రోజు అడుగున ఎర్రగా, ఆవగింజలు పరిచినట్టు కొత్త కండ కనిపించింది. సిస్టరమ్మ వంగి చూసి, “అడుగు నుంచి పూడుకొస్తోంది, పైన మూసుకుపోకుండా చూసుకో” అంది. అప్పటి నుంచి రోజూ కట్టు విప్పే వేళ కోసం ఎదురుచూసేవాణ్ణి. అగ్గిపుల్లతో లోతు కొలిచి పుల్ల మీద గుర్తు పెట్టుకునేవాణ్ణి. ఆ పుల్ల కంటపడితే సిస్టరమ్మ మెత్తగా చీవాట్లు పెట్టి, శుభ్రమైన కొలత పుల్లలు ఇచ్చింది. మిల్లులో పదేళ్లు చేశాను. అక్కడ కోసిందేదీ మళ్లీ అతుక్కోలేదు. ఈ పని నేను బాగా చేయగలనని అప్పుడే అనుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను.

పన్నెండయింది. తిప్పి వస్తాను.

ఇక మూడోది.

“నాన్న తుంటి మీద మచ్చ నా అరచేతిలో సగం ఉంది. నువ్వు మిల్లుకు వెళ్లిన ఆ మూడు రోజులూ అత్త ఏం చేసింది? ఎప్పుడడిగినా మాట దాటేస్తావు. ఆమెను వెనకేసుకు రాకుండా ఉన్నదున్నట్టు రాయి” అన్నావు.

ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆ పుండు మీ అత్త వల్ల రాలేదు. నా వల్ల వచ్చింది.

మంచం పక్క గోడకు సిస్టరమ్మ ఇచ్చిన అట్ట కార్డు ఉంటుంది, చూశావు. వారానికి ఒకటి. పైన రోజులు, పక్కన గంటలు. రెండు గంటలకోసారి మామయ్యను తిప్పి ఆ గడిలో పెన్సిలుతో గీత గీయాలి. ఆరు నెలలు అలాగే చేశాను. తరువాత చేతికి పాత అలవాటు వచ్చింది. మిల్లులో దుంగ వచ్చిందంటే ముందు రంగు పూసిన దారం లాగి వదిలి, పలకలన్నిటికీ గీతలు కొట్టేస్తాం. కోత తరువాత. గీతలు పడ్డాయంటే సగం పని అయినట్టే మా లెక్క. అలాగే ఒక పొద్దున ఎనిమిదింటికి మామయ్యను తిప్పి, పెన్సిలు చేతిలోనే ఉంది కదా అని, రాత్రి ఎనిమిది దాకా గీతలన్నీ ఒక్కసారే గీసేశాను. ఎలాగూ తిప్పుతాను కదా అనుకున్నాను. తిప్పాను కూడా. ఆ వారమంతా ముందే గీశాను, ఒక్కటీ తప్పకుండా తిప్పాను. అందుకే అది తప్పుగా తోచలేదు.

ఆ తరువాతి వారమే మిల్లుకు వంతెన పని దుంగలు వచ్చాయి. మేస్త్రీ ఇంటికొచ్చి మూడు రోజులు రమ్మని బతిమాలాడు. నువ్వూ ఫోన్‌లో సరేనన్నావు. మిల్లు రెండు వీధుల అవతలే. మీ అత్త పగలంతా ఉంటానంది. ఆమె ఒక్కదాని వల్ల మామయ్యను తిప్పడం కాదు కాబట్టి ఒక ఒప్పందం చేసుకున్నాం. వేళకు నేనే పరుగెత్తుకొచ్చి, తిప్పి, గీత గీసి వెళ్లిపోతాను. వేళ దాటి పావుగంటైనా గడిలో గీత లేకపోతే నేను రాలేకపోయానని అర్థం. అప్పుడు ఆమె దర్జీని పిలవాలి, ఇద్దరూ కలిసి తిప్పాలి.

నీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. ఆ మూడు రోజులూ పొద్దున్నే గీతలన్నీ గీసేసి వెళ్లాను. ఆలోచించి చేసింది కాదు, చెయ్యి గీసేసింది అంతే. రంపం ఆడుతుంటే మధ్యలో వదిలి రావడం కుదరలేదు. నేను వెళ్లకపోతే ఆమె దర్జీని పిలుస్తుందిలే అని ధీమాగా ఉన్నాను. ఆమె పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కార్డు చూసేది. గీత ఉండేది. నేను వచ్చి వెళ్లిపోయాననుకునేది. “మెరుపులా వచ్చి పోతున్నాడు, మంచినీళ్లు కూడా తాగడు” అని దర్జీతో అందట. జావ పట్టేటప్పుడు తల మాత్రం ఎత్తి పట్టుకుని మళ్లీ అలాగే పడుకోబెట్టేది. ఏ వేళకు ఏ పక్క ఉండాలో నేను ఆమెకు చెప్పలేదు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా, మూడు రోజులు, మామయ్య కుడి పక్కనే ఉండిపోయారు. ఆ పక్క ఆయనకు స్పర్శ లేదు. అప్పటికి మాట కూడా రాలేదు.

మూడో సాయంత్రం ఒళ్లు తుడుస్తుంటే తుంటి ఎముక మీద ఎర్రటి మచ్చ కనిపించింది. బొటనవేలితో నొక్కి చూశాను. నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడలేదు. అప్పుడు కార్డు వైపు చూశాను. గడులన్నీ నిండుగా ఉన్నాయి.

పది రోజులకు అది పగిలింది. సిస్టరమ్మ వచ్చి కార్డు చూసి, “తిప్పడం సరిగానే ఉందే, మరి ఎందుకు వచ్చింది?” అంది. రబ్బరు గుడ్డ ముడత పడిందేమోనన్నాను. నువ్వు సెలవు మీద వచ్చి కట్టు చూసి, ఆ మూడు రోజులూ దగ్గర ఎవరున్నారని అడిగావు. మీ అత్త అన్నాను. అంతవరకు నిజమే. నువ్వు వెంటనే వాళ్లింటికి వెళ్లి, “మనిషిని అప్పగిస్తే మూటలా పడేస్తావా?” అన్నావు. నేను నీ సంచి పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాను. రెండడుగులు లోపలికి వేసి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఆమె తిరిగి ఒక్క మాట అనలేదు. తనే ఎక్కడో ఏమరుపాటు పడి ఉంటానని అనుకుందట. ఏడు నెలలు మన గడప తొక్కలేదు.

ఇది ఎవరికీ తెలియదనే అనుకున్నాను. ఆ ఆదివారం రిహార్సలులో మామయ్య ఆఖరి ప్రశ్న వేసేదాకా.

“పనిలో నువ్వు చేసిన పొరపాటు... ఒకటి చెప్పు” అన్నారు. సిస్టరమ్మ రాసిచ్చిన ప్రశ్నల్లో అది ఉంది. నేను జవాబు సిద్ధం చేసుకునే ఉన్నాను. ఒకసారి బీపీ మాత్ర అరగంట ఆలస్యంగా వేశానని, అప్పటి నుంచి అలారం పెట్టుకున్నానని గడగడా చెప్పేశాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. “ఈ టిక్కెట్టు... ఈ బస్సుది కాదు” అన్నారు.

నాకు అర్థం కాలేదన్నాను.

“మూడు రోజులు. కుడి పక్క. అటు పడుకుంటే ఏం కనబడుతుంది?”

అటు గోడ. గోడకు గడియారం. గడియారం పక్కన కార్డు.

“గడియారంలో తొమ్మిది. కార్డు మీద... సాయంత్రం నాలుక్కు గీత. మా డిపోలో... ముందే పంచ్ కొట్టిన టిక్కెట్టు దొరికితే... ఉద్యోగం పోయేది అల్లుడూ. నువ్వు ఉద్యోగం అడగడానికే... పోతున్నావు.”

“మాట వచ్చి నాలుగు నెలలైంది కదా మామయ్యా, ఎందుకు అడగలేదు?”

“నువ్వే చెబుతావని చూశాను. నా సర్వీసులో... ఏ బస్సూ ఇంత లేటు రాలేదు.”

ఆ మాట అని ఆయన నవ్వారు. ఎడమ పక్క పెదవి మాత్రమే కదులుతుంది కదా, ఆ నవ్వు. నేను మంచం మీద కూర్చున్నాను. “ఇంటర్వ్యూలో ఉన్నవాడు... కూర్చోమనకుండా కూర్చోకూడదు” అన్నారు. మళ్లీ లేచాను.

ఎవరెవరికి చెప్పాలో వరస కూడా ఆయనే వేశారు. ముందు సిస్టరమ్మ, తరువాత చెల్లెలు, తరువాత కూతురు, ఆఖరున ఆ బల్ల అవతల కూర్చునేవాళ్లు. నువ్వు మూడో స్టాపు. ట్రంకులోంచి పంచ్ తీయించింది ఆ సాయంత్రమే. ఇక పెన్సిలు లేదు. నేను తిప్పాలి, తిప్పడం అయ్యాక ఆయన గడియారం చూసి ఎడమ చేత్తో గడిలో చిల్లు కొడతారు. తిరిగినవాడే కొట్టాలట, తిప్పినవాడు కాదు. ఆ పని వల్ల ఎడమ చేతి పట్టు కూడా బాగుపడుతోంది.

మర్నాడు సోమవారం సిస్టరమ్మ దగ్గరికి వెళ్లాను. కట్టు గుడ్డలు మడత పెడుతూ మొత్తం విన్నది. మడత పెట్టడం ఆపలేదు.

“నీ గురించి నేను రాసిచ్చిన ఉత్తరంలో నమ్మదగినవాడు అని రాశాను కదా” అంది.

“రాశారు.”

“పట్టుకురా.”

చింపేస్తుందనుకుంటూ తెచ్చి ఇచ్చాను. సంతకం కింద ఒక వాక్యం చేర్చింది: ‘పనిలో చేసిన ఒక తప్పును తానే వచ్చి చెప్పాడు.’ పక్కన తేదీ వేసింది. “తప్పేమిటో నేను రాయను. వాళ్లు అడుగుతారు, నువ్వే చెప్పుకో. బల్ల మధ్యలో కూర్చునే పెద్ద నర్సు దగ్గర నేను చదువుకున్నాను. ఆవిడ బయటికి పొమ్మన్నా అనగలదు. నేను పూచీ పడను” అంది. ఆ ఉత్తరం లేకుండా వెళ్లవచ్చు. కానీ అది సంచిలోనే ఉంది, తియ్యను.

గురువారం మధ్యాహ్నం మామయ్య దగ్గర దర్జీని కూర్చోబెట్టి మీ అత్త ఇంటికి వెళ్లాను. ఆరేసిన బట్టలు తీస్తోంది. నేను చెబుతున్నంతసేపూ ఒక్కోటీ తీసి నా చేతుల మీద వేసింది. గుట్టంత అయ్యాక, “అయిందా?” అంది.

“అయింది పిన్నీ.”

“ఏడు నెలలు మా అన్న మొహం నాకు లేకుండా చేశావు. నోరారా తిడదామంటే నువ్వేమో నర్సువి అవుతావట. రేపు సూదులన్నీ నీ చేతిలోనే ఉంటాయి.”

ఆమె నవ్వలేదు. లోపలికి వెళ్లి, చాలాసేపు రాలేదు. బట్టలతో అలాగే నిలబడ్డాను. వచ్చాక, “ఆ పక్క అన్నకు ఇప్పుడు నొప్పుందా?” అని అడిగింది. లేదన్నాను. “వస్తాను. నీ కోసం కాదు. మళ్లీ గీతలు గీశావంటే చేతులు విరగ్గొడతాను. ఇంకొకటి, నీ పెళ్లానికి రాయి. ఈసారి సెలవుకొస్తే అదే నా గుమ్మంలోకి రావాలి. నేను మీ ఇంటికి రానని కాదు, మా అన్న కోసం వస్తాను. కానీ దాన్ని మాత్రం నేను పలకరించను” అంది. ఆమె మాట ఆమె అన్నట్టే రాశాను. శుక్రవారం పొద్దున్నే వచ్చింది. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ కలిసి మధ్యాహ్నం దాకా నన్ను దులిపారు. ఇల్లు ఇంటిలా ఉంది.

ఈ ఉత్తరం శనివారానికి నీకు చేరుతుంది. ఆదివారం నువ్వు ఫోన్ చేస్తావు. తిట్టాలనుకుంటే తిట్టు, అడ్డు చెప్పను. మాట్లాడాలని లేకపోతే మామయ్యతో మాట్లాడి పెట్టెయ్యి. మంగళవారం మాత్రం వెళ్తాను. పొరపాటు చెప్పమంటే ఇది చెబుతాను. తిప్పకముందే గీశాను అని మొదలుపెడతాను. ఆ మాట మామయ్య ముందు పదకొండు సార్లు చెప్పాను. మొదటి మూడు సార్లు మధ్యలో ఆగి మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఇప్పుడు ఆగడం లేదు. ఆ తరువాత పుండును ఎలా కడిగానో, ఎన్ని రోజులకు పూడిందో, పంచ్ సంగతీ చెబుతాను. వాళ్లు ఏమంటారో వాళ్ల ఇష్టం. సీటు వస్తుందనే నా నమ్మకం. రాకపోయినా ఈ మంచం పక్కన పని నాకు ఎలాగూ ఉంది, అది ఇప్పుడు సరిగా చేస్తున్నాను.

దీనితో పాటు పోయిన వారం కార్డు పెడుతున్నాను. వెలుతురుకు ఎదురుగా పట్టి చూడు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా, ఏడు రోజులు. చిల్లులన్నీ మీ నాన్నగారు ఎడమ చేత్తో కొట్టినవి, అందుకే మొదటి రోజువి గడి అంచుల మీద పడ్డాయి. ఆదివారానికి మధ్యలోకి వచ్చాయి.

గురువారం నాలుగు గంటల గడిలో చిల్లు ఉండదు. మీ అత్త ఇంటి నుంచి వచ్చేసరికి నాకు నాలుగు నలభై అయింది. దర్జీ ఒక్కడే తిప్పలేక కూర్చున్నాడు. వచ్చీ రాగానే తిప్పాను. మామయ్య పంచ్ చేతిలోకి తీసుకుని, గడియారం చూసి, మళ్లీ దిండు పక్కన పెట్టేశారు. నేను అడగలేదు. ఆ గడి అలాగే ఉంచి పంపిస్తున్నాను.

ఇట్లు,
మామయ్య చూస్తుండగా సంతకం చేసిన
నీ భర్త